ఏ యుద్ధంలో పోయాడు?

"నాన్నా, తలుపు తియ్యండి. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి."

లోకేష్ మళ్లీ తట్టాడు. లోపలి నుంచి జవాబు లేదు. మంచం కిర్రుమన్న చప్పుడు మాత్రం వినిపించింది. అంటే మెలకువగానే ఉన్నారు.

మెట్ల మధ్యలో కూతురు మనస్విని కూర్చుని ఉంది, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని. కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న పిల్ల నిన్న సాయంత్రమే రైలు దిగి ఇంటికొచ్చింది. ఆదివారం తాతయ్యకి జరగబోయే గౌరవం కళ్లారా చూద్దామని వచ్చింది. వచ్చిన పూటే ఇల్లు తలకిందులైంది.

"చూశావా నీ నిర్వాకం?" అన్నాడు లోకేష్ గొంతు తగ్గించి.

"నేనేం చేశాను డాడ్? రేపు తాతయ్య వాళ్ల నాన్న గురించి చదవడానికి రెండు లైన్లు రాయమన్నారు. రాయాలంటే ఆయన చనిపోయిన డేట్ కావాలి కదా. అడిగాను."

"చెప్పారుగా. రాసేసి ఊరుకోవాలి."

"ఎలా ఊరుకుంటాను? నలభై అయిదు నవంబర్ అన్నారు. వార్ ఆగస్టులోనే అయిపోయింది. అయిపోయిన వార్‌లో ఎవరైనా ఎలా చనిపోతారు?"

వంటగదిలోంచి అనూష వచ్చి మెట్ల మొదట్లో నిలబడింది. "ఇద్దరూ మెల్లగా మాట్లాడండి. మనది పల్చటి గోడల కొంప. మావయ్యగారికే కాదు, పక్కింటివాళ్లకీ వినిపిస్తుంది."

లోకేష్ నోరు మూసుకున్నాడు. కానీ అతని మొహంలో కోపం కంటే కంగారే ఎక్కువగా ఉంది.

లోకేష్ తండ్రి రామలింగయ్య తన తండ్రి గోపాల్‌రావుని ఎప్పుడూ చూడలేదనే అందరికీ తెలుసు. ఆయన ఇంకా తల్లి కడుపులో ఉండగానే గోపాల్‌రావు బ్రిటిష్ సైన్యంలో లారీ డ్రైవరుగా చేరి ఓడెక్కాడు. జావాలో కాల్పుల్లో పోయాడనీ, శవం దొరకలేదనీ, అదే దళంలో పనిచేసి తిరిగొచ్చిన పక్కూరి మనిషి చెప్పాడు. ఆ ఒక్క మాట మీదే రామలింగయ్య బతుకంతా నిలబడింది. బళ్లో పిల్లలు "మీ నాన్నేడిరా" అంటే "యుద్ధంలో పోయాడు" అనేవాడు. రైల్వేలో గార్డు ఉద్యోగం ఇచ్చేటప్పుడు అడిగినవాళ్లకీ అదే చెప్పాడు. పెళ్లిచూపుల్లోనూ అదే చెప్పాడు.

భార్య పోయాక కొడుకు దగ్గరికి లండన్‌లోని హారో వచ్చేశాడు. ఏటా నవంబర్‌లో కోటుకి ఎర్ర పాపీ పువ్వు గుచ్చుకుని, పార్కులో యుద్ధంలో పోయినవాళ్ల పేరున కట్టిన రాతిస్తంభం దగ్గరికి వెళ్లి, జనం వెనక నిలబడి వచ్చేవాడు. ఈ ఏడు మాజీ సైనికుల సంఘంవాళ్లే పిలిచారు. భారత సైనికుల తరఫున పూలచక్రం మీరే ఉంచాలి అన్నారు. ఆ ఫోన్ వచ్చిన రోజు ముసలాయన పసిపిల్లాడిలా ఇల్లంతా తిరిగాడు.

ఇప్పుడేమో తలుపు తియ్యడం లేదు.

లోకేష్ మళ్లీ చెయ్యెత్తబోతుంటే గడియ తీసిన చప్పుడైంది.

రామలింగయ్య స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. కొడుకు వంక చూడలేదు. మెట్ల మీద కూర్చున్న మనవరాలి భుజం మీద చెయ్యి వేశాడు.

"లే మనసూ. కిందికి రా. రాత్రి చెప్పింది మళ్లీ చెప్పు. మెల్లగా చెప్పు. నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు."

వంటగది బల్ల దగ్గర అందరూ కూర్చున్నారు. మనస్విని తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లిషులోకి జారిపోతూ, తాతయ్య మొహం చూసి మళ్లీ తడుముకుంటూ తెలుగులోకి వస్తూ చెప్పింది. మాటలు చాలక ఎదురుగా ఉన్న గిన్నెలు ముందుకు లాగింది.

"ఇది జావా," అంది ఇడ్లీ పళ్లాన్ని మధ్యకి జరిపి. "ఈ పచ్చడి సీసా డచ్‌వాళ్లు. మనల్ని బ్రిటిష్‌వాళ్లు ఏలినట్టు వీళ్లు జావాని ఏలారు. ఈ కప్పు జపాన్. వార్ టైమ్‌లో వచ్చి డచ్‌వాళ్లని తరిమేసింది. తర్వాత జపాన్ ఓడిపోయింది. ఓడిపోగానే అక్కడి జనం 'ఇంక మా దేశం మాదే' అని చెప్పేశారు. ఇండిపెండెన్స్ డిక్లేర్ చేశారు."

"మంచిదే కదా," అన్నాడు రామలింగయ్య.

"కానీ డచ్‌వాళ్లు మళ్లీ మాకే కావాలన్నారు. వాళ్ల దగ్గర అప్పుడు ఆర్మీ లేదు. అందుకని ముందు బ్రిటిష్‌వాళ్లు, ఈ సాంబారు గిన్నె, వెళ్లారు. జపాన్ సోల్జర్స్ దగ్గర గన్స్ తీసుకోవడానికి, ఖైదీల్ని విడిపించడానికి అని వెళ్లారు. వెళ్లాక అక్కడి జనంతో ఫైటింగ్ మొదలైంది."

"బ్రిటిష్‌వాళ్లంటే తెల్లవాళ్లా?"

మనస్విని సాంబారు గిన్నె మీద వేలు పెట్టి ఆగింది. "ఆఫీసర్లు తెల్లవాళ్లు తాతయ్యా. సోల్జర్స్‌లో ఎక్కువమంది మనవాళ్లే."

రామలింగయ్య కప్పు చేతిలోకి తీసుకున్నాడు. "ఈ జపాన్‌వాళ్లు ఏమయ్యారు?"

"కొన్ని చోట్ల బ్రిటిష్‌వాళ్లు వాళ్లనే వాడుకున్నారు. అక్కడి జనం మీద."

"ఓడిపోయినవాళ్లనా? నిన్నటిదాకా చంపుకున్నవాళ్లనా?"

"అవును."

"అంటే మా నాన్న ఒక పక్క, జపానువాడు ఇంకో పక్క నిలబడి, వాళ్ల దేశం వాళ్లకి కావాలన్నవాళ్లని కాల్చారా?" కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన చెయ్యి బల్ల మీద అటూ ఇటూ తిరిగింది. "మనకే అప్పటికి స్వాతంత్ర్యం లేదు కదమ్మా. మనకి లేనిది వాళ్లు తెచ్చుకుంటుంటే, ఆపడానికి మా నాన్న లారీ తోలాడా?"

కెటిల్ మరిగి టక్కుమని ఆగిపోయింది.

"అందరూ అలా చెయ్యలేదు," అంది మనస్విని మెల్లగా. "కొన్ని వందలమంది ఇండియన్ సోల్జర్స్ అటు వెళ్లిపోయారు. వాళ్ల సైడ్ ఫైట్ చేశారు. కొందరు అక్కడే ఉండిపోయారు."

"మనస్వినీ, చాలు!" లోకేష్ కుర్చీ వెనక్కి నెట్టాడు. "అటు వెళ్లిపోవడమంటే ఏంటో తెలుసా? సైన్యంలోంచి పారిపోవడం. మా తాత పారిపోయాడంటావా?"

"నేను అలా అనలేదు. పాసిబుల్ అన్నాను. అయినా అది పారిపోవడం ఎలా అవుతుంది డాడ్? స్కూల్లో మన ఫ్రీడమ్ స్ట్రగుల్ మీద ప్రాజెక్ట్ చేస్తే ఎంత ప్రౌడ్ ఫీలయ్యారు? వాళ్లదీ అదే కదా."

"రేపు తెలుగు సంఘం నుంచి బస్సేసుకుని వస్తున్నారు. మా ఆఫీసువాళ్లు వస్తున్నారు. వాళ్లకేం చెప్పాలి? మా తాత ఏ వైపో మాకే తెలియదు, ఇంటికెళ్లండి అని చెప్పనా?"

"శవం దొరకలేదు," అన్నాడు రామలింగయ్య.

ఇద్దరూ ఆగిపోయారు.

"మా అమ్మ చచ్చేదాకా బొట్టు తీయలేదు," అన్నాడాయన, బల్లకేసి చూస్తూ. "మెళ్లో పుస్తెలు తీయలేదు. గాజులు తీయలేదు. నేను ఉద్యోగంలో చేరాక నాన్నకి తద్దినం పెడతానంటే నా మీద కయ్యిమంది. బతికున్నవాడికి తద్దినమేంటిరా అంది. మతి చలించిందనుకున్నాం. ఊరంతా అదే అనుకుంది."

అనూష నెమ్మదిగా అడిగింది. "మావయ్యగారూ, ఆ రోజులు తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

రామలింగయ్య తలెత్తాడు.

"కమలత్త ఉంది."

కమలాదేవి ఆయన మేనత్త, గోపాల్‌రావుకి ఆఖరి చెల్లెలు. తొంభై దాటినా భీమవరం దగ్గర మునిమనవడి ఇంట్లో ఉంటూ, ఎవరింట్లో ఏం జరిగినా ముందు తనకే తెలియాలనుకునే మనిషి. వెంటనే ఫోన్ చేశారు. మునిమనవడు నవదీప్ ఫోన్ ఆవిడ మొహం ముందు పట్టుకున్నాడు. తెర మీద నుదురు, తెల్లటి పాపిడి మాత్రం కనిపించాయి.

"ఏరా లింగం, చలెక్కువా అక్కడ?"

"చలికేం గానీ అత్తా, ఒక మాట అడుగుతాను. నాన్న ఎలా పోయాడు?"

నుదురు కదల్లేదు.

"ఎందుకురా ఇప్పుడయన్నీ?"

"రేపు ఇక్కడ నాన్న పేరు మీద పూలచక్రం పెడుతున్నాను. నాకు తెలియాలి."

"నవదీపూ, మజ్జిగ కలపమన్నాను, కలిపావా?" అంది ముసలమ్మ. తెర మీద ఇంటికప్పు, ఫ్యాను కనిపించాయి. తర్వాత ఏమీ కనిపించలేదు.

"చూశారా, ఆవిడకి ఏదీ గుర్తులేదు," అన్నాడు లోకేష్, ఊపిరి తీసుకుని.

"గుర్తులేనివాళ్లు గుర్తులేదంటారు లోకేష్," అన్నాడు రామలింగయ్య. "మాట మార్చరు."

మధ్యాహ్నం పార్కులో రిహార్సల్. తండ్రీ కొడుకులు కార్లో బయల్దేరారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లోకేష్ ఉండబట్టలేకపోయాడు.

"నాన్నా, మీరు రేపు వస్తారు కదా?"

"వచ్చి ఏమనాలి?"

"ఎప్పుడూ ఏమంటారో అదే. ఆయన యుద్ధంలో పోయారు. అది అబద్ధం కాదు కదా."

"ఏ యుద్ధంలో?"

పచ్చదీపం పడింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా లోకేష్ కదల్లేదు.

స్మారకం దగ్గర రాలిన ఆకులు తడిసి ముద్దయి ఉన్నాయి. మాజీ సైనికుల సంఘం కార్యదర్శి డేవిడ్ గొడుగు చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు. డెబ్భై ఏళ్ల మనిషి, ఎత్తుగా ఉంటాడు. మైకు ఎక్కడుంటుందో, ఎక్కడ నిలబడాలో ఓపికగా చూపించాడు. పిలవగానే ముందుకొచ్చి, మీ తండ్రి పేరు చెప్పి, పూలచక్రం మెట్టు మీద ఉంచి, ఒక్క క్షణం ఆగి వెనక్కి రావాలి. అంతే.

రామలింగయ్యకి రైల్వేలో నేర్చుకున్న ఇంగ్లిషు ఉంది. పొడి పొడిగా అడిగాడు.

"యుద్ధం అయిపోయాక పోయినవాళ్ల పేరు ఇక్కడ చెప్పొచ్చా?"

"తప్పకుండా," అన్నాడు డేవిడ్. "ఆ తర్వాత రెండేళ్ల దాకా పోయినవాళ్లనీ మా వాళ్లలోనే కలుపుకుంటాం."

"అటు వెళ్లిపోయినవాళ్ల పేరు?"

"అటంటే?"

"మీ సైన్యాన్ని వదిలేసి, మీ మీద పోరాడేవాళ్లతో కలిసినవాళ్లు."

లోకేష్ తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు. డేవిడ్ రాతిమీద చెక్కిన పేర్ల వంక చూశాడు. కోపం తెచ్చుకోలేదు.

"నాకు తెలియదు," అన్నాడు చివరికి. "నేను చెప్పగలిగే విషయం కాదది. మీరు మీ నాన్నగారి కోసం వస్తున్నారు. నాకు తెలిసింది అంతే."

తిరిగొచ్చేటప్పుడు కార్లో రామలింగయ్యకి తండ్రి మీద జాలిపడాలో, గర్వపడాలో, కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ ఆయన ఊహించుకున్న మనిషి జపానువాడి తుపాకీకి ఎదురు నిలబడ్డ మనిషి. ఇప్పుడు ఆ మనిషి ఎటు తిరిగి నిలబడ్డాడో తెలియడం లేదు. ఎదురుగా ఎవరున్నారో తెలియడం లేదు.

ఆదివారం ఉదయం ఆయన కోటు తొడుక్కుంటుంటే ఫోన్ మోగింది. నవదీప్ నంబరు. ఈసారి వీడియో లేదు, గొంతు మాత్రమే.

"లింగం, పక్కనెవరన్నా ఉన్నారా?"

"లేరత్తా. చెప్పు."

"పెట్టేశావా ఆ పూలు?"

"ఇంకా లేదు. బయల్దేరుతున్నాం."



"రాత్రంతా నిద్దర పట్టలేదురా. మీ అమ్మ నా చేత ఒట్టేయించుకుంది. ఆవిడా పోయింది, మా నాన్నా పోయాడు. నేనూ పోతే ఇంక చెప్పేవోళ్లుండరు. మీ నాన్న యుద్ధంలో పోలేదురా."

రామలింగయ్య మంచం మీద కూర్చున్నాడు. కోటు ఒక చేతికే ఉంది.

"వొచ్చాడు. నీకప్పుడు ఏడేళ్లుంటాయి. ఎండాకాలం, మిట్టమధ్యాన్నం. పెరటిదారిన వొచ్చాడు. మా నాన్న గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టాను, నడక చూసి."

"పోయాడన్నారు కదా అందరూ?"

"పోయాడని మేం చెప్పుకున్నాం. ఆ పక్కూరాయన చెప్పిందీ అంతే, ఊళ్లో తలెత్తుకోవాలని. నిజానికి సర్కారోళ్లు పారిపోయాడని రాసుకున్నారంట. తెల్లోళ్లు పోయినా ఆ రాత పోదేమో, పట్టుకెళ్లి జైల్లో పెడతారేమోనని మా నాన్నకి భయం. ఊళ్లో ఎవరికీ కనపడనియ్యలేదు."

"ఎందుకు వెళ్లాడత్తా అటు? చెప్పాడా?"

"చెప్పాడు. అక్కడి జనం ఈళ్ల లారీలు కనపడితే రోడ్డు పక్కన నిలబడి అరుస్తుండేవోరంట. మీరూ మాలాంటోళ్లే కదా, మీదీ తెల్లోడి కిందున్న దేశమే కదా, మా మీదకెందుకొచ్చారు అని. అది వినీ వినీ ఒకరోజు లారీ అటే తోలుకుపోయాడంట. అంతే చెప్పాడు. గొప్పగా చెప్పలేదు, సిగ్గుపడీ చెప్పలేదు."

"అమ్మ చూసిందా?"

"చూసింది. గదిలో తలుపేసుకుని మాట్లాడుకున్నారు. పొద్దుగూకేసరికి ఆయన ఎళ్లిపోయాడు."

"అంత దూరం నుంచి వచ్చి ఒక్క పూటలో వెళ్లిపోయాడా? ఎందుకు? నన్ను చూడకుండానేనా?"

"చూశాడు. నిన్ను చూశాడు," అంది కమలాదేవి. "ఒంటరిగా రాలేదురా లింగం..."

కింద నుంచి లోకేష్ కేకేశాడు. "నాన్నా, టైమవుతోంది!"

రామలింగయ్య పలకలేదు. ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. మేనత్త చెప్పింది ఆఖరిదాకా విన్నాడు. తర్వాత రెండో చెయ్యి కోటులో దూర్చుకుని కిందికి దిగాడు.

"ఎవరు ఫోన్‌లో?" అన్నాడు లోకేష్.

"మా అత్త."

"ఏమంటుంది?"

"పద. జనం ఎదురుచూస్తుంటారు."

కార్లో అనూష ఆయన మొహం చూసింది. తన శాలువా తీసి ఆయన ఒళ్లో కప్పింది.

పార్కు నిండిపోయింది. కౌన్సిల్ మేయరు మెళ్లో బంగారు గొలుసుతో, స్కౌట్ పిల్లలు జెండాలతో, చక్రాల కుర్చీలో పతకాలు పెట్టుకున్న ఒక ముసలాయన. ఒక పక్కన పట్టుచీరల మీద కోట్లు తొడుక్కుని తెలుగు సంఘంవాళ్లు గుంపుగా నిలబడ్డారు. లోకేష్ అందరికీ తలూపుతున్నాడు. నవ్వు మొహం మీద సరిగా నిలవడం లేదు.

బూర ఊదారు. అందరూ మౌనంగా నిలబడ్డారు. చెట్ల మీంచి నీటిచుక్కలు రాలుతున్న చప్పుడు వినిపించింది. ప్రతి ఏడూ ఆ మౌనంలో రామలింగయ్య తండ్రిని తలుచుకునేవాడు. ఇవాళ తలుచుకోబోతే ఎవరూ కనిపించలేదు. సైనికుడు కనిపించలేదు, పారిపోయినవాడూ కనిపించలేదు. ఎండలో పెరటిదారిన నడిచొస్తున్న కాళ్లు మాత్రం కనిపించాయి.

డేవిడ్ మైకులో చదివాడు. భారత సైనికుల తరఫున, రెండో ప్రపంచ యుద్ధంలో ప్రాణాలర్పించిన గోపాల్‌రావు కుమారుడు రామలింగయ్య.

ఆయన నడిచాడు. ఎర్ర పూలచక్రం రెండు చేతుల్తో పట్టుకుని మైకు ముందు ఆగాడు. పేరు చెప్పాలి. నోరు తెరిచాడు, మూశాడు. ముందు వరసలో మేయరు కాగితం చూసుకుంది.

"జావాలో చనిపోయిన వాళ్లకి," అన్నాడు ఇంగ్లిషులో. "ఇటువాళ్లకి. అటువాళ్లకి."

అంతే. వంగి పూలచక్రం మెట్టు మీద ఉంచాడు. ఒక్క క్షణం ఆగి వెనక్కొచ్చాడు.

డేవిడ్ ఒకసారి ఆయన వంక చూసి, తల కొంచెం వంచి, తర్వాతి పేరు చదివాడు. చక్రాల కుర్చీలోని ముసలాయన పక్కనున్న మనిషిని "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని అడుగుతున్నాడు. తెలుగు సంఘంవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

కార్యక్రమం అయ్యీ అవ్వగానే లోకేష్ తండ్రిని రెక్క పట్టుకుని గేటు పక్కకి తీసుకెళ్లాడు. అనూష, మనస్విని వెనకే పరిగెత్తుకొచ్చారు.

"ఏంటి నాన్నా ఇది? తాతయ్య పేరెందుకు చెప్పలేదు? అందరి ముందూ ఏంటా మాటలు? ఈ పిల్ల ఏదో చెప్పిందని..."

"మనస్విని చెప్పిందని కాదురా. పోయినవాళ్ల పేర్లు చదివే చోట ఆయన పేరెలా చెప్పను? ఆయన అప్పుడు పోలేదు. ఇంటికొచ్చాడు."

లోకేష్ చెయ్యి జారిపోయింది.

"అత్త చెప్పింది. నా ఏడో ఏట వచ్చాడట. ఒంటరిగా రాలేదట. చంకలో ఒక ఆడపిల్లని ఎత్తుకొచ్చాడట, మూడు నాలుగేళ్ల పిల్ల. అక్కడ పెళ్లి చేసుకున్న ఆవిడతో కన్న కూతురు. తల్లి ఆ యుద్ధంలోనే పోయిందట. లింగంతో పాటు దీన్నీ పెంచు, అందరం ఇక్కడే ఉందాం అని మా అమ్మని బతిమాలాడట." రామలింగయ్య ఆగాడు. "మా అమ్మ నువ్వుండు, ఆ పిల్ల వద్దు అందట. పొద్దుగూకకముందే పిల్లనెత్తుకుని వెళ్లిపోయాడు. మా అమ్మ ఆ తర్వాత నలభై ఏళ్లు బొట్టు పెట్టుకుని కూర్చుంది."

"ఓ మై గాడ్," అంది మనస్విని. అనూష ఇనప గేటు పట్టుకుంది.

లోకేష్ తల అడ్డంగా ఊపాడు. "ఆవిడకి తొంభై దాటాయి నాన్నా. నిన్న గుర్తులేదు, ఇవాళ ఇంత కథ గుర్తొచ్చిందా? ఏదో కల కని ఉంటుంది."

"కల అని నేనూ అనుకునేవాణ్ని," అన్నాడు రామలింగయ్య. "ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను. ఆ పిల్ల నాకు తెలుసురా."

ముగ్గురూ ఆయన వంకే చూశారు.

"మా పెరట్లో గోరింట పొద దగ్గర ఒక మధ్యాహ్నమంతా ఒక పిల్లతో ఆడుకున్నాను. నేను మాట్లాడేది దానికి అర్థం కాదు, అది మాట్లాడేది నాకు అర్థం కాదు. ఎవరో ఊళ్లు తిరిగేవాళ్ల పిల్లనుకున్నాను. కాసేపు నవ్వింది, తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఒకటే మాట అనేది. పులాంగ్, పులాంగ్ అని. దాని పేరు చెబుతోందనుకున్నాను. ఊరుకోబెడదామని నేనూ పులాంగ్, పులాంగ్ అని పిలిచాను. పిలిచినకొద్దీ ఇంకా ఏడ్చింది. ఎవరో వచ్చి ఎత్తుకుపోయారు."

ఆయన కళ్లద్దాలు తీసి కోటు అంచుకి తుడుచుకున్నాడు.

"నాకొక చెల్లెలుంది లోకేష్. ఉందో లేదో తెలియదు. పేరు మాత్రం తెలుసు. పులాంగ్. మనసూ, ఆ పేరుతో వెతకొచ్చా అమ్మా?"

మనస్విని అప్పటికే ఫోన్ తీసి టైప్ చేస్తోంది. తెర చూసింది. మళ్లీ టైప్ చేసి, మళ్లీ చూసింది. తలెత్తడానికి ఇష్టపడలేదు.

"ఏంటే?" అన్నాడు లోకేష్.

"అది పేరు కాదు తాతయ్యా," అంది మనస్విని. "వాళ్ల భాషలో పులాంగ్ అంటే ఇంటికెళ్లిపోవడం."